లోయ చరిత్ర రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ లోయ చరిత్ర రాస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన అధ్యాయాల పట్టిక చూశాను. మొదట భౌగోళికం నాలుగు పేజీలు, ఆ తర్వాతంతా చరిత్ర. అలా విడదీయకు. ఇల్లు అక్కడే ఎందుకు కట్టారు, దారి అటే ఎందుకు తిరిగింది, ఎండ తగిలే పొలం ఎవరికి దక్కింది, నీడ పొలం ఎవరి పాలైంది అని అడుగుతూ పోతే రెండూ కలిసే వస్తాయి.

ముందు వివరంగా ఉన్న సర్వే మ్యాపు ఒకటి సంపాదించు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు వాగును దాటేచోట మొనదేలి వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువనే చూపిస్తుంది. ఇది అలవాటైతే నీళ్ళు ఎటు పోతున్నాయో కాగితం మీదే కనిపిస్తుంది. ఇళ్ళు లోయ అడుగున కాకుండా వాలు మొదలయ్యేచోట ఉంటే వరద భయమే కారణం అనుకుంటారు. చలి కూడా కారణం కావచ్చు. మబ్బూ గాలీ లేని రాత్రి చల్లగాలి వాలు వెంట దిగి అడుగున పేరుకుంటుంది. పై ఇళ్ళకు ఏమీ కాని రాత్రే కింద పైరు మంచుకు మాడిపోవచ్చు. ఆల్ప్స్ లోయల్లో చాలాచోట్ల ఎండపడే వాలు మీద ఊళ్ళు, పొలాలు ఉంటే, ఎదురుగా నీడ వాలును అడవికి వదిలేశారు.

ఊరి సరిహద్దును ఏటితో పోల్చి చూడు. ఏరు తిన్నగా పోతుంటే దాని పక్కనే సరిహద్దు గీత మెలికలు తిరుగుతోందా? బహుశా ఏరు ఒకప్పుడు ఆ మెలికల్లోనే పారి ఉంటుంది. అక్కడికి నడిచి వెళ్ళు. గులకరాళ్ళు, వేసవిలోనూ తడి ఆరని పల్లం దొరికితే నీ అనుమానానికి బలం వచ్చినట్టే. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పాత రికార్డులను గౌరవించు, కానీ అవి ఎందుకు రాశారో మర్చిపోకు. 1086లో ఇంగ్లండ్‌లో రాజు కోసం తయారైన డోమ్స్‌డే భూముల లెక్కల్లో నాగళ్ళు, మిల్లులు ఉన్నాయి. మనుషుల్లో మాత్రం ఎక్కువగా ఇంటి పెద్దలనే లెక్కపెట్టారు. ఆడవాళ్ళు, పిల్లలు దాదాపు కనిపించరు. మీ శిస్తు పుస్తకాల్లోనూ భూమి లేనివాళ్ళు కనపడకపోవచ్చు. వాళ్ళ కోసం మరణాల రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు వెతుకు. 1918 చివర్లో కొద్ది వారాల్లోనే వరసగా మరణాలు నమోదై ఉంటే అప్పట్లో ప్రపంచమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజాను అనుమానించాల్సిందే.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి “మీ చరిత్ర చెప్పండి” అంటే ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడతారు. “పెద్ద వరదకి నీళ్ళు మీ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయి?” అని అడుగు. లేచి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. “అప్పటికి మీ పెద్దమ్మాయి నడుస్తోందా?” అంటే సంవత్సరం తేలుతుంది. దాన్ని అప్పటి వార్తాపత్రికతో సరిచూసుకో.

లోయ కథ లోయలోనే ముగుస్తుందని కూడా అనుకోకు. బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో కాపెల్ కెలిన్ అనే చిన్న ఊరు 1965లో జలాశయం కింద మునిగిపోయింది. బడి, ప్రార్థనా మందిరం, ఇళ్ళు అన్నీ పోయాయి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలి, 1957లో లండన్‌లోని పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ సభ్యుల్లో ఒక్కరూ దానికి అనుకూలంగా ఓటెయ్యలేదు, అయినా ఆగలేదు. అలాంటి ఊరి చరిత్ర రాయాలంటే నగరం ఫైళ్ళు కూడా తిరగెయ్యాలి. మీ లోయకు రోడ్డు, రైలు, ఆనకట్ట వచ్చినా రాకుండా పోయినా, ఎవరి అవసరం కోసం అలా జరిగిందో వెతుకు.

ఏటి అవతలి గట్టువాళ్ళను, పెళ్ళై వచ్చిన ఆడవాళ్ళను, ఊరు వదిలి పోయినవాళ్ళను తప్పకుండా కలువు. అచ్చుకు ఇచ్చేముందు ఎవరు చెప్పిన భాగం వాళ్ళకు చదివి వినిపించు. పేరు వద్దంటే తీసెయ్యి. రాతప్రతి పూర్తయ్యేదాకా ఆగకు, మొదటి అధ్యాయం కాగానే మ్యాపుతో సహా నాకు పంపు.

ఇట్లు,
నీ మాస్టారు