కీళ్ల మార్పిడి ఆపరేషన్‌లో ఒళ్లు చల్లబడితే రికవరీ మీద ఎఫెక్ట్ ఉంటుందా?

ఉంటుంది, కానీ ఎంత చల్లబడిందన్నదే ముఖ్యం. ఆపరేషన్ టైంలో ఒంటి లోపలి వేడి 36 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే హైపోథెర్మియా అంటారు. చాలామంది ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ వల్లే అనుకుంటారు, అదీ ఒక కారణమే గానీ అసలు సంగతి మత్తుది, మత్తు ఇవ్వగానే చర్మం దగ్గరి రక్తనాళాలు వదులై లోపలున్న వేడంతా కాళ్లూ చేతుల వైపు వెళ్లిపోతుంది, అందుకే మొదటి గంటలోనే ఎక్కువ పడిపోతుంది. నడుముకి ఇచ్చే స్పైనల్‌లో కూడా ఇంతే, పైగా పేషెంట్‌కి చలి వేస్తున్నట్టు సరిగ్గా తెలియదు కూడా.

చల్లబడితే ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయవు, రక్తం గడ్డకట్టడం నెమ్మదిస్తుంది. 1996లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో తుంటి మార్పిడి చేయించుకున్న 60 మందిని చూస్తే, సుమారు 1.6 డిగ్రీలు తగ్గినవాళ్లకి దాదాపు అర లీటరు రక్తం ఎక్కువ పోయింది. గాయం దగ్గర రక్తప్రసరణ తగ్గితే ఇన్ఫెక్షన్ భయం కూడా, ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) పెట్టినచోట అది వస్తే పెద్ద తలనొప్పి. తర్వాత వణుకు, మత్తు లేటుగా దిగడం సరేసరి.

అలాగని 37 దాకా లాగాల్సిన పనేం లేదు. 2022లో 5 వేల మందికి పైగా పేషెంట్లతో (గుండెవి కాని రకరకాల ఆపరేషన్లు) చేసిన ట్రయల్‌లో 35.5కీ 37కీ పెద్ద కాంప్లికేషన్లలో తేడా రాలేదు. నన్నడిగితే మత్తుకి ముందే వేడిగాలి దుప్పటి కప్పడం బెస్ట్, చల్లబడ్డాక వేడి ఎక్కించడం కంటే అదే ఈజీ.