హిస్టరీకి చోటు తెలియదు, నాయనా

కర్నూలు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం వచ్చిందని, మొదటి మూడు నెలలూ రాత్రి డ్యూటీయేనని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆఫీసుకు తీసుకెళ్తే నా పక్కన కూర్చుని ఆ నల్ల తెర మీద ఏముందో చెప్పమని వేధించినవాడివి. సంతోషంతో గొంతు పట్టుకుపోయింది. మంచం ఎక్కాక మాత్రం 'రాత్రి డ్యూటీ' అన్న మాట నిద్ర పట్టనివ్వలేదు.

చిన్న సంగతులు ముందు. ఆ నల్ల తెర మీద మనం కొట్టే ఆదేశాలను నడిపేది బ్యాష్, కొట్టినవన్నీ హిస్టరీ అనే జాబితాలో రాసుకుంటుంది. దానంతటది 500 ఆదేశాలే దాచుకుంటుంది, హిస్ట్‌సైజ్, హిస్ట్‌ఫైల్‌సైజ్ అనే రెండు సెట్టింగులూ పెంచుకో. హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ పెడితే తేదీ, సమయం కూడా చూపిస్తుంది. రెండు టెర్మినళ్లలో పనిచేస్తే హిస్ట్‌అపెండ్ ఉండాలి, లేకపోతే చివర మూసినది ముందుదాని హిస్టరీని చెరిపేస్తుంది. పాత ఆదేశం వెతకడానికి కంట్రోల్ ఆర్. ఇవి నీకు తెలిసే ఉంటాయి.

నేను చేసిన తప్పు మాత్రం నీకెవరూ చెప్పి ఉండరు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు నీకు పాలపళ్లు ఊడుతున్నాయి. మా ఆఫీసులో కింది అంతస్తు కంప్యూటర్లన్నీ బురదలో మునిగాయి. మేడ మీద ఒక్క లినక్స్ మిషను మిగిలింది. తడిసిన రిజిస్టర్లు డాబా మీద ఆరబెట్టి, అంటుకుపోయిన కాగితాలు ఒక్కొక్కటే విడదీసి, నలుగురం 19 రోజులు అందులోకి ఎక్కించాం. వేరే కాపీ తీయలేదు. ఆ రాత్రి నేనొక్కదాన్నే ఉన్నాను. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొట్టి ఏమేం ఉన్నాయో చూసుకుని, ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ స్టార్, అంటే అడగకుండానే అన్నీ తుడిచేసే ఆదేశం, కొట్టి శుభ్రం చేశాను. తర్వాత అసలు ఫైళ్ల ఫోల్డర్‌లోకి వెళ్లాను. పై బాణం నొక్కిన కొద్దీ హిస్టరీలోంచి వెనకటి ఆదేశాలు ఒక్కొక్కటే వస్తాయి. మళ్లీ ఎల్ఎస్ కావాలంటే మూడుసార్లు నొక్కాలి. రెండే నొక్కాను, వచ్చింది ఆ తుడిచే ఆదేశం. తెర చూడకుండా ఎంటర్ కొట్టాను.

ఏ సందేశమూ రాలేదు. కర్సర్ కింది వరుసలోకి దిగి ఆరి వెలుగుతూ నిలబడింది. గదిలో బురద వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

పొద్దున చెబితే మా సెక్షన్‌లో పెద్దావిడ ఒక్క మాట అనలేదు. ఆరిన రిజిస్టర్ల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. నేను కళ్లు తుడుచుకుంటూ టైపు చేశాను.

నువ్వు కొట్టిన మాటే హిస్టరీలో ఉంటుంది, ఏ ఫోల్డర్‌లో ఉండి కొట్టావో ఉండదు. అందుకని తుడిచే ఆదేశంలో ఎప్పుడూ పూర్తి పాత్, అంటే ఫోల్డర్ చిరునామా మొత్తం, రాయి. హిస్ట్‌కంట్రోల్‌లో ఇగ్నోర్‌స్పేస్ పెట్టుకుని, అలాంటి ఆదేశం ముందు ఒక ఖాళీ వదులు, అది హిస్టరీలోకే ఎక్కదు. పాస్‌వర్డ్ ఉన్న ఆదేశమైనా అంతే, లేకపోతే అది ఫైలులో ఉన్నదున్నట్టు పడి ఉంటుంది. ఆశ్చర్యార్థకం పెట్టి పాత ఆదేశాన్ని పిలిచే అలవాటుంటే హిస్ట్‌వెరిఫై తప్పదు, అప్పుడు ముందు చూపించి, ఎంటర్ కొట్టాకే నడుపుతుంది.

టైపింగులో నీ అంత వేగం ఎవరికీ లేదని మీ అమ్మ మురిసిపోతోంది. ఎవరి మెప్పు కోసంరా ఆ వేగం? తెర చదివి కొట్టు. అర్ధరాత్రి దాటాక తుడిచే పని వస్తే తెల్లారేదాకా ఆపు. ఆపలేకపోతే నాకు ఫోను చెయ్యి. ముందు పీడబ్ల్యూడీ కొట్టి ఏ ఫోల్డర్ చూపిస్తోందో చెప్పు, తర్వాత ఆదేశం చదివి వినిపించు. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ