తాతగారి చైనా పెట్టె, దాని అడుగున ఉన్న పేరు

ప్రశ్న: మేడమ్, మా తాతగారు రంగూన్‌లో పనిచేసినప్పుడు అక్కడి చైనా షాపులో కొన్న నల్ల పెట్టె మా ఇంట్లో ఉంది. జానెడు పొడవుంటుంది, మూత మీద ముత్యపుచిప్ప ముక్కలతో పువ్వులు, పిట్టలు. అటూ ఇటూ తిప్పితే గులాబీ, పచ్చ రంగులు మారుతుంటాయి. అడుగున రెండు చైనా అక్షరాలుంటే మా అబ్బాయి వాళ్ళ ఆఫీసులో చైనా ఆయనకి చూపించాడు, ‘ఛియెన్‌లీ’ అని చదివారట. అది చేసినాయన పేరేనా? మెరుపు తగ్గింది, కొబ్బరినూనె రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు కొబ్బరినూనె మాత్రం రాయకండి, ఒక్క చుక్క కూడా వద్దు. ఎందుకో కింద చెప్తాను.

పేరు నిజమే. జియాంగ్ ఛియెన్‌లీ అని 17వ శతాబ్దంలో, చైనాలో మింగ్ రాజవంశం పోయి చింగ్ వంశం వచ్చే రోజుల్లో, చిప్ప ముక్కలు పొదిగే పనిలో ఆయన్ని మించినవాడు లేడనిపించుకున్న పనివాడు. యాంగ్‌జౌ ఊళ్ళో ఎవరింట్లో చూసినా గిన్నెలూ పళ్ళేలూ ఆయనవే అని జనం చెప్పుకునేవాళ్ళట. చిక్కు అక్కడే వచ్చింది, అంత పేరొచ్చాక తర్వాతివాళ్ళు కూడా తమ పెట్టెల అడుగున ‘ఛియెన్‌లీ’ అని పెట్టేశారు, వందల ఏళ్ళు అలా నడిచింది. కాబట్టి ఆ రెండక్షరాలు చూసి ఆయన చేతి పనే అనుకోవద్దు. అలాగని తీసిపారేయొద్దు కూడా, పేరు ఎవరిదైనా ఆ చిప్ప కోసిన చెయ్యి ఒకటుంది కదా, నాకు ఆ చెయ్యే ముఖ్యం.

భూతద్దం పెట్టి ఒక పువ్వు చూడండి. మంచి పనైతే ప్రతి రేకూ విడిగా కోసిన ముక్క, కాగితమంత పల్చగా ఉంటుంది, రేకులకి గులాబీ మెరుపున్న చిప్ప, ఆకులకి పచ్చది అని ఏరి పెడతారు, ఆకు ఈనెలు కూడా చిప్ప మీదే సన్నగా గీస్తారు. మూత మీద వేలు పోనిస్తే చిప్ప ఎక్కడ మొదలైందో తెలియకూడదు, ఎందుకంటే అతికించాక పైన మళ్ళీ పూత వేసి, చిప్ప బయటపడేదాకా అరగదీస్తారు. ఈ మధ్య వచ్చే చవక రకాల్లో ఈనెలు పెయింటుతో గీసేస్తున్నారు.

ఇంకోటి, చాలామంది ఇలాంటి పెట్టెల మీది నల్లపూతని మన ఏటికొప్పాక బొమ్మల లక్క అనుకుంటారు. ఈ పూతని ఇంగ్లీషులో లక్కర్ అంటారు, ఆ మాట మన లక్క నుంచే వెళ్ళింది గానీ సరుకు వేరు. మనది పురుగు పెట్టేది, చైనాది చెట్టు పాలు. ఆ చెట్టు మామిడి, జీడిమామిడి కుటుంబమే, నల్లజీడి తగిలితే ఒళ్ళు ఎలా పొక్కుతుందో ఆ పచ్చి పాలు తగిలినా అలాగే పొక్కుతుంది. వంద లీలు (లీ అంటే సుమారు అర కిలోమీటరు) నడిచి వెయ్యి గాట్లు పెడితే ఒక జిన్ను వస్తుందని వాళ్ళ సామెత, జిన్ను అంటే ఇప్పటి లెక్కలో అరకిలో. అది ఎండలో ఆరదు, వెచ్చగా చెమ్మగా ఉన్న గదిలోనే గట్టిపడుతుంది, ఒక పూత గట్టిపడితే గానీ ఇంకోటి వెయ్యరు, అలా ఎన్నో పూతలు. అంత ఓపికతో చేసిన వస్తువమ్మా అది.

మీరన్న మెరుపు తగ్గడానికి ఎక్కువగా కారణం వెలుతురే. కిటికీ ఎండ ఏళ్ళతరబడి పడితే పైపూత మసకబారి, సన్నగా పగులుతుంది. అలాంటి దాని మీద నూనె రాస్తే పగుళ్ళలోకి దిగి దుమ్ము పట్టుకుంటుంది, తర్వాత తీయడం ఎవరివల్లా కాదు. తడిగుడ్డ కూడా వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఎండ తగలని అల్మారాలో పెట్టండి, ఏసీ గాలికి ఎదురుగా పెట్టొద్దు, లోపలి చెక్క ఎండి కుంచించుకుపోతే చిప్పలు లేస్తాయి. ధర ఎంతో ఫోటో చూసి చెప్పడం సరికాదు, చైనా వస్తువులు తెలిసినవాళ్ళు చేత్తో పట్టుకుని చూడాలి.

చిప్ప ముక్క ఏదైనా ఊడితే ఫెవిక్విక్ పెట్టకండి. చిన్న కాగితంలో మడిచి, ఏ పువ్వులోదో పైన రాసి, ఆ పెట్టెలోనే ఉంచండి. వస్తువులు బాగుచేసే కన్జర్వేటర్ దొరికిన రోజు ఆ ముక్కే మళ్ళీ దాని చోట కూర్చుంటుంది.