హైదరాబాద్‌లో ఫ్రెంచి, హరీస్

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. సెలవు రోజుల్లో ఏదైనా విదేశీ భాష నేర్చుకోవాలనుంది. ఫోన్ యాప్ సరిపోతుందా? ఆ సంస్కృతులు దగ్గర్నుంచి చూసే చోట్లు ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: యాప్‌తో మాటలు వస్తాయి గానీ నోరు తిరగదమ్మా. ఫ్రెంచికి అలయన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కి గోథే సెంట్రమ్ ఉన్నాయి. ఈ కోర్సుల్లో మొదటి మెట్టుని ఏ1 అంటారు. తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) 1958లో ఇంగ్లిష్ కోసం మొదలైంది, ఇప్పుడు అక్కడ అరబిక్, జపనీస్, రష్యన్, స్పానిష్ కూడా చెబుతారు. డబ్బు కట్టేముందు బ్యాచ్ టైమింగ్స్ కనుక్కోండి. డ్యూటీకి అడ్డమొస్తే ఫీజు గంగపాలే.

నన్నడిగితే ముందు ఒక ఆదివారం పాతబస్తీ వైపున్న బర్కస్ వెళ్లండి. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడున్నారు. పొద్దున్నే హరీస్ తినండి. గోధుమలు, మాంసం గుర్తుపట్టలేనంత మెత్తగా ఉడికించి, పైన నెయ్యి పోస్తారు. తీపిదీ ఉంటుంది, కారందీ ఉంటుంది. నా ఓటు తీపికే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీకి అలవాటుపడిన మన నాలిక్కి మొదటి ముద్ద చప్పగా తగులుతుంది, కంగారు పడకండి. అడక్కుండా ఎవరి ఫొటోలూ తీయకండి. దుకాణాల్లో ఉర్దూ నడుస్తుంది. మన కర్నూలు పాతబస్తీ ఉర్దూ వచ్చుంటే బేరం కూడా ఆడొచ్చు.