ఎల్‌ఈడీ వెలిగిస్తే ఓడ గోడలు కూడా మెరుస్తుంటే

ప్లాస్టిక్ కిట్‌తో కడుతున్న మోడల్ ఓడలో ఎల్‌ఈడీ పెడితే, కిటికీల్లోంచే రావాల్సిన వెలుగు గోడల్లోంచి కూడా వస్తోందని అడిగారు. తప్పు ఎల్‌ఈడీది కాదు, ప్లాస్టిక్‌ది. కిట్‌లోని పాలీస్టైరీన్ ప్లాస్టిక్ పలచగా ఉంటుంది, వెలుగును ఆపలేదు. బయట బూడిద రంగు ఇంకో పూత వేసినా పెద్దగా లాభం ఉండదు. లోపల ఆపాలి. ఓడ రెండు సగాలూ ఇంకా అతికించలేదన్నారు, బతికిపోయారు.

1. అతుకు అంచులకు మాస్కింగ్ టేప్ వేసి, లోపలంతా మ్యాట్ (మెరుపు లేని) నలుపు రెండు పలచటి పూతలు వేయండి.

2. ఆరాక దాని మీద తెలుపు వేయండి. వెలుగు కిటికీలన్నిటికీ సమంగా పరుచుకుంటుంది.

3. చాలామంది వదిలేసేది అతుకునే. అంచుల మీద రంగు ఉంటే ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) సరిగా పట్టదు, అందుకే టేప్ వేశాం. కానీ రంగు లేని ఆ అంచులోంచే సన్నటి గీతలా వెలుగు కారుతుంది. ఒక సగానికి లోపలివైపు, అంచు దాటి 2 మి.మీ. బయటికి వచ్చేలా పలచటి స్టైరీన్ (కిట్‌లోలాంటి ప్లాస్టిక్) పట్టీ అతికించి, దానికీ నలుపు వేయండి. రెండో సగం దాని మీద కూర్చుంటుంది. నేను మొదటి ఓడకు ఇది చేయక, అతికించినదాన్ని మళ్లీ కోయాల్సి వచ్చింది.

4. జిగురు పెట్టకముందే రబ్బరు బ్యాండ్లతో బిగించి, చీకటి గదిలో వెలిగించి చూడండి. చుక్కలు కనబడిన చోట మళ్లీ నలుపు.

వెలుగు మరీ ఎక్కువనిపిస్తే 9 వోల్టుల బ్యాటరీకి 330 ఓమ్‌ల బదులు 1 కిలో ఓమ్ రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) పెట్టండి, ఒక్కో ఎల్‌ఈడీకి ఒకటి.