తక్కువ గేరా, తేలిక గేరా?

సందేహం: మాస్టారూ, నేను లండన్‌లో ఉంటాను. ఆఫీసుకు బ్రాంప్టన్ సైకిలు మీద వెళ్తాను. హైగేట్ ఎత్తు ఎక్కేసరికి ప్రాణం పోతోందని షాపుకు తీసుకెళ్లి మార్పు చేయించాను. ఆ సంగతి మన ఊరి స్నేహితులకు ఇలా రాశాను: ‘మడవబడే నా సైకిలు యొక్క క్రాంక్‌సెట్‌ను సవరించి, 50 పన్నుల చక్రం బదులు 44 పన్నుల చక్రం పెట్టి తక్కువ గేరు పొందాను. ఇప్పుడు తొక్కడం సులభంగా ఉంది.’ అందరూ నవ్వారు. ఒకడైతే ‘గేర్లు తగ్గించుకోవడానికి డబ్బులెందుకు తగలేశావురా’ అన్నాడు. తప్పెక్కడుంది?

సమాధానం: ముందు ఆ పన్నుల బాధ వదిలించుకుందాం. నోట్లో ఉండే పన్నుకు బహువచనం పళ్లు. పండ్లు అన్నా ఒప్పే. కన్ను కళ్లయినట్టే ఇదీను. పన్నులు అంటే సర్కారుకు కట్టేవి. 44 పన్నుల చక్రం అంటే మీ మిత్రులు నవ్వక ఏం చేస్తారు? చక్రానికుండేవీ పళ్లే. ‘పళ్లు అరిగిపోయాయండీ, అందుకే చైను జారుతోంది’ అని సైకిల్ షాపులో అనడం మీరు వినే ఉంటారు.

‘మడవబడే’ అక్కర్లేదు. మడత మంచం, మడత కుర్చీ ఎప్పటినుంచో మన ఇళ్లలో ఉన్నాయి; వాటి పక్కన మడత సైకిలు చక్కగా ఒదుగుతుంది. ‘సైకిలు యొక్క’లో ‘యొక్క’ తీసేసినా ఏ లోటూ రాదు.

‘సవరించి’ దగ్గర కాస్త ఆగాలి. జుట్టు సవరించుకుంటాం, చట్టాన్ని సవరిస్తాం. ఉన్నదాన్ని ఉంచి, అందులో వంకర తీసినప్పుడు వాడే మాట అది. మీరు ఒకటి తీసి ఇంకొకటి వేయించారు కాబట్టి ‘మార్పించాను’ చాలు. ఏది మార్పించారో కూడా చూసుకోండి. క్రాంక్‌సెట్ అంటే పెడళ్లు బిగించే కడ్డీలూ (క్రాంకులు), వాటి దగ్గరి పళ్ల చక్రమూ (చైన్ వీలు) కలిపి. కొన్ని పాత బ్రాంప్టన్లలో చైన్ వీలు కుడి క్రాంకుకు రివిట్లతో బిగించి ఉంటుంది. వాటికి పళ్లు తగ్గించాలంటే క్రాంకుతో సహా మార్చాల్సిందే. బోల్టులతో బిగించినదైతే చైన్ వీలు ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. ‘పెట్టి’ అన్నారు గానీ, పని చేసింది షాపువాడు గనక ‘వేయించాను’ అనాలి. సొంతంగా చేతులు నల్లగా చేసుకుని ఉంటే ‘వేశాను’. పల్లీలు వేయించినా ఇదే మాట కదా అంటారేమో. పక్కన చైన్ వీలు ఉండగా ఎవరూ మూకుడు అనుకోరు.

ఇక అసలు చిక్కు ‘తక్కువ గేరు’. లెక్క ప్రకారం మీది తప్పు కాదు. పూర్వం పెడళ్లు నేరుగా ముందు చక్రానికే ఉండే పెద్ద చక్రపు సైకిళ్లు ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే ఒక్క తొక్కుకు అంత దూరం. ఆ చక్రం అడ్డకొలతే గేరు అంగుళాల పేరుతో ఇప్పటికీ నిలిచింది. మీ సైకిలు చక్రం 16 అంగుళాలు. ముందు 50 పళ్లు, వెనక 13 అనుకుంటే 16ను 50తో గుణించి 13తో భాగించండి: 61 అంగుళాల పైచిలుకు. 44 పళ్లతో అది 54కు దిగుతుంది. అంకె తగ్గింది కాబట్టి తక్కువ గేరు. (వెనక చక్రం నడిమి భాగమైన హబ్బులోని గేర్లు మార్చినప్పుడు ఈ అంకెలు మారతాయి, కానీ అన్నిట్లోనూ తగ్గేది అదే 12 శాతం.)

అయితే తెలుగులో ‘తక్కువ’ పక్కన లెక్కపెట్టగల వస్తువు వస్తే, మన చెవి ముందుగా సంఖ్యనే వింటుంది. తక్కువ గేర్ల సైకిలు అంటే మూడు గేర్లదా, ఒక్క గేరుదా అనే అడుగుతారు. మీ మిత్రుడు అన్నది సరిగ్గా అదే. (రైలు రైళ్లయింది, సైకిలు సైకిళ్లయింది గానీ గేరు మాత్రం గేళ్లు కాలేదు, గమనించారా?) పళ్ల లెక్కతో చెబుదామా అంటే అదీ తిరకాసే. ముందు పళ్లు తగ్గితే తొక్కుడు హాయి, వెనక పళ్లు తగ్గితే నరకం.

అందుకని అంకెను వదిలేసి కాలికి తెలిసేది చెప్పడమే మేలు. చిన్నప్పుడు అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం. వెనక ఇంకొకడు ఎక్కగానే ‘బరువురా, దిగు’ అనేవాళ్లం. ఆ బరువుకు ఎదురు మాట తేలిక. కాబట్టి తేలిక గేరు, బరువు గేరు. వివరించకుండానే అర్థమవుతాయి.

‘సులభం’ ఎందుకు కాదంటారా? సులభం అంటే అసలు అర్థం సులువుగా దొరికేది. తెలుగులో అది పనికి, లెక్కకు, పరీక్షకు బాగా కుదురుతుంది. సైకిలు తొక్కడం సులభం అంటే నేర్చుకోవడం కష్టం కాదని అర్థం వస్తుంది. తేలికలో మాత్రం నీటి మీద తేలడం ఉంది, బరువు లేకపోవడం ఉంది. పైగా ఇక్కడ నిజంగా పని తగ్గలేదు. ఇంతకుముందు వందసార్లు తొక్కిన దూరానికి ఇప్పుడు 114 సార్లు తొక్కాలి. ప్రతి తొక్కూ తేలికైంది, అంతే.

‘తొక్కడం’ మాత్రం భేషుగ్గా ఉంది. కారు నడుపుతాం, మోటారు సైకిలూ నడుపుతాం. కాలి బలంతో కదిలే సైకిలునే తొక్కుతాం.

మీ మిత్రులకు మళ్లీ రాస్తే ఇలా రాయండి: ‘నా మడత సైకిలుకు 50 పళ్ల చైన్ వీలు తీయించి 44 పళ్లది వేయించాను. గేరు తేలికైంది. ఇప్పుడు ఎత్తు ఎక్కుతుంటే మోకాళ్లు తిట్టుకోవడం లేదు.’ అన్నట్టు, ముందు 6 పళ్లు తగ్గితే చైను అంగుళమున్నర దాకా వదులవుతుంది. షాపువాడు లింకులు తీశాడో లేదో చూసుకోండి.