తోట ట్రాక్టరుకు లోడర్ బిగించిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే అర్థమైంది. నిన్న పంపిన ఫొటోలు చూశాక మిగతాది తెలిసింది. ఫోన్లో చెబితే నాలుగు మాటల్లో రెండు గాలికి పోతాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ట్రాక్టరు ముందు బిగించిన లోడర్ బకెట్ బరువు ఎత్తడం లేదని, రిలీఫ్ వాల్వు స్క్రూ ఇంకో రెండు చుట్లు బిగిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారన్నావు. ప్రెషర్ గేజ్ పెట్టి చూడకుండా ఆ స్క్రూని ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఆయిల్ ప్రెషర్ హద్దు దాటితే ఎక్కువైన ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసే కాపలాదారు అది. ఆటోనగర్‌లో పని నేర్చుకున్న కొత్తలో ఒక బండికి నేనే అలా బిగించాను. ఆ రోజు బకెట్ లేచింది, రైతు సంతోషపడ్డాడు. పది రోజులకు పంపు బాడీ పగిలి బండి మళ్లీ షెడ్డుకొచ్చింది. అసలు లోపం చూస్తే పంపుకు ఆయిల్ వెళ్లే పైపు దగ్గర ఫిల్టర్ పూడిపోయి ఉంది. వంద రూపాయల పనిని వేలల్లోకి తెచ్చింది నేనే. ఆ రైతు ముఖం ఇప్పటికీ గుర్తే.

ఇక నీ బండి సంగతి. లోడర్ పెట్టిన దగ్గర్నుంచి వెనక లిఫ్ట్ లేవడం లేదు, గొర్రు నేల మీదే ఉండిపోతోంది అన్నావు. అది లిఫ్ట్ జబ్బు కాదు, బిగింపులో వచ్చిన తప్పు. పంపు నుంచి వచ్చే ఆయిల్ ఇప్పుడు ముందుగా లోడర్ లివర్లున్న వాల్వులోకి వెళ్తుంది. అక్కడ పని లేనప్పుడు అది వెనక లిఫ్టుకు పోవాలి. అందుకోసం వాల్వుకు పవర్ బియాండ్ అనే దారి ఉంటుంది. ఆ రంధ్రంలో చిన్న స్లీవ్ ఒకటి బిగిస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. స్లీవ్ లేకపోతే ఆయిల్ మొత్తం లోపలే తిరిగి ట్యాంకులో పడుతుంది, లిఫ్టుకు చుక్క కూడా అందదు. నువ్వు కొన్నది పాత లోడర్ కాబట్టి ఆ ముక్క ఎక్కడో ఊడిపోయి ఉంటుంది. నా అనుమానం దాని మీదే.

కొందరు ఇంకో పని చేస్తారు. ట్యాంకుకు వెళ్లాల్సిన దారినే తీసి లిఫ్టుకు కలిపేస్తారు. లిఫ్ట్ లేస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ వాల్వులో ఆ వైపు ప్రెషర్‌కు తట్టుకునేలా పోతపోసింది కాదు, ఏదో ఒకనాడు చిట్లుతుంది. కాబట్టి పైపులు మూడు ఉండాలి: పంపు నుంచి వచ్చేది, లిఫ్టుకు పోయేది, ట్యాంకుకు తిరిగి వెళ్లేది. ఫొటోలో నాకు రెండే కనిపిస్తున్నాయి. మూడోది వెనక ఉందేమో చూడు. లేకపోతే నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకు.

లోడర్ చేతుల్నీ బకెట్‌నూ ఆయిల్ బలంతో కదిలించే జాకీలు కుదుపులతో లేస్తున్నాయంటే లోపల గాలి ఉంది. బకెట్ ఖాళీగా ఉంచి, ఇంజను తక్కువ స్పీడులో పెట్టి, లివర్‌ను నెమ్మదిగా నడుపుతూ రెండు వైపులా పూర్తిగా ఐదారుసార్లు ఆడించు. గాలి ట్యాంకులోకి పోతుంది. తర్వాత బకెట్‌ను నేలకు దించి, బండి చదునైన చోట ఉంచి అప్పుడే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్ స్టిక్, చూడు. బకెట్ పైన ఉండగా చూస్తే ఆయిల్ కొంత జాకీల్లో ఉంటుంది, తక్కువైందనుకుని పోస్తావు, దించగానే పొంగి బయటికొస్తుంది. కొత్తగా వచ్చిన నాలుగు జాకీలూ పైపులూ నిండడానికి కూడా ఆయిల్ కావాలి, ఆ లెక్కన కాస్త పోయక తప్పదు. బండి మాన్యువల్లో రాసిన ఆయిలే పొయ్యి. మన చిన్న బండ్లలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్ ఉండేవి చాలా ఉన్నాయి, కనుక ఇంట్లో మిగిలిన ఇంజను ఆయిల్ కలపొద్దు. ఆయిల్ నురగగా ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పంపు ఈల వేసినట్టు అరుస్తుంటే ఫిల్టరూ, పంపుకు ఆయిల్ తెచ్చే పైపు క్లాంపూ చూడు.

ఎత్తడం లేదు అనే మాటలో రెండు జబ్బులు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడు. నెమ్మదిగా లేస్తే ఆయిల్ తక్కువ వస్తోంది. అసలు లేవకపోతే ప్రెషర్ చాలడం లేదు. నీ జాకీ లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే రాడ్డు బయటికి చాచుకునే పొడవు, 400 అని రాశావు. రెండు లిఫ్ట్ జాకీలు పూర్తిగా చాచుకోవడానికి లీటరున్నరకు పైగా ఆయిల్ కావాలి. పంపు నిమిషానికి 16 లీటర్లు ఇస్తే సుమారు 6 సెకన్లు పడుతుంది. ఖాళీ బకెట్‌తో ఫోన్లో టైమ్ చూడు. ఆరేడు సెకన్లయితే పంపు నిక్షేపంగా ఉన్నట్టే. పన్నెండు పడితే ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టాలి.

బరువు విషయం. 150 బార్ ప్రెషర్ దగ్గర ఒక్కో జాకీ దాదాపు మూడు టన్నుల బలంతో తోస్తుంది. కానీ అది లోడర్ చేతుల మొదట్లో తోస్తుంది, బకెట్ ఆ చివర ఉంటుంది, అందుకే అక్కడికి చేరే బలం కొన్ని వందల కిలోలే. ఆరిన పెంట ఎరువు నిండా పోసినా తేలిక. అదే బకెట్‌లో తడి మట్టి నింపితే మూడింతల బరువు. నువ్వు పెంటతో అలవాటుపడి చెరువు మట్టి ఎత్తబోయి ఉంటావు. లేవకపోవడమే మంచిదైంది. లేచి ఉంటే వెనక చక్రాలు గాల్లోకి వచ్చేవి. బ్రేకులు ఉన్నవి వెనక చక్రాలకే అని మర్చిపోకు. లోడర్ వాడే రోజు వెనక రోటవేటరో, కాంక్రీట్ దిమ్మో కచ్చితంగా ఉండాలి. బరువుతో నడిచేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పకు, ముందు చక్రాల స్టీరింగ్ జాయింట్లు తొందరగా పోతాయి.

బరువు ఎత్తి లివర్ వదిలేశాక చేతులు కిందికి జారుతున్నాయన్నావు. కొంచెం కొంచెం దిగడం ప్రతి లోడర్‌కూ ఉన్నదే. కళ్లముందే దిగితే జాకీ పిస్టన్ సీలు గానీ, వాల్వు లోపల జరిగే కడ్డీ, అదే స్పూలు గానీ అరిగింది. లివర్ పైకి నొక్కగానే ముందు కాస్త కిందికి వాలి ఆ తర్వాత లేస్తుంటే మాత్రం వాల్వులో ఆయిల్‌ని వెనక్కి పోనివ్వని చిన్న గుండు, అదే చెక్ బాల్ దగ్గర చెత్త ఉన్నట్టు. ఆ చెత్త ఎక్కడిదో కూడా చెబుతాను. ఫొటోలో ప్రతి జాయింటుకూ తెల్లటి టెఫ్లాన్ టేపు కనిపిస్తోంది. నీళ్ల కుళాయికి అది బాగుంటుంది, హైడ్రాలిక్‌కు కాదు. పీలికలుగా తెగి ఆయిల్‌తో పాటు పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. అదంతా తీసేసి లోపలి అంచున రబ్బరు ఉండే డౌటీ వాషర్లు వేద్దాం.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. హోస్ పైపు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మా షెడ్డులో ఒక కుర్రాడికి అలాగే జరిగింది. వేలి మీద దోమ కుట్టినంత మచ్చ, నొప్పి కూడా లేదన్నాడు, మేమూ పట్టించుకోలేదు. రాత్రికి చెయ్యంతా వాచింది. వేలు తీసేయాల్సి వచ్చింది. అట్టముక్క అడ్డం పెట్టి చూడు, ఆయిల్ దాని మీద గీత పడుతుంది. ఎప్పుడైనా చర్మంలోకి దూరిందని అనుమానం వస్తే ఆ నిమిషమే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్ ఆయిల్ దూరిందని డాక్టరుకు ఆ మాటతోనే చెప్పు.

పైపు విప్పే ముందు బకెట్ నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అన్ని వైపులా ఆడించు. అప్పుడు లోపల మిగిలిన ప్రెషర్ పోతుంది. లోడర్ చేతులు పైకెత్తి వాటి కింద పని చేయాల్సి వస్తే జాకీ రాడ్డు మీద ఇనుప ఛానెల్ ముక్క బోర్లించి కట్టు. జాకీని నమ్మి దాని కింద తల పెట్టొద్దు. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

లోడర్ ఫ్రేమును క్లచ్ ఉండే హౌసింగ్ ఒక్కదానికే బిగించినట్టున్నారు. అది పోత ఇనుము, బకెట్ గట్టుకు గుద్దిన ప్రతిసారీ ఆ దెబ్బ దాని మీదే పడుతుంది. ఫ్రేము ముందు యాక్సిల్ బ్రాకెట్ నుంచి వెనక యాక్సిల్ దాకా వెళ్లాలి. ఆ రెండు పట్టీలు నేను చేయించి తెస్తాను, నువ్వు అక్కడ వెల్డింగ్ పెట్టించకు. ఈలోగా బోల్టుల తలల మీద వాటి గట్టితనం చెప్పే అంకె, 8.8 గానీ 10.9 గానీ, ఉందో లేదో చూసి, లేనివి ఎన్నో, ఏ సైజో రాసి పంపు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరతాను. గేజు, స్లీవు, వాషర్లు నా సంచిలో ఉంటాయి. నువ్వు ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా, ఫిల్టరు కొని ఉంచు, పాత ఫిల్టర్ మాత్రం పారేయకు, కోసి చూడాలి. మధ్యాహ్నం భోజనం అక్కడేనని అక్కతో చెప్పు.

మీ మామయ్య